సముద్రం మధ్య చెలిమ

రాయదుర్గం దాటి బొమ్మనహాళ్ వైపు పోతే దర్గా హొన్నూరు, గోవిందవాడ దగ్గర ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. ఎండిన హగరి ఏటి పడక మీంచి ఆషాఢ మాసపు గాలి ఎత్తుకొచ్చి చేల మీద పోసిన ఇసుక అది. గట్టు దాటుతుంది, బాట పూడుస్తుంది, విత్తిన చాలును కప్పేస్తుంది. ఊరి పేరు చెప్పకుండా ఆ దిబ్బల ఫొటో చూపిస్తే ఎవరైనా ఏ బీచో అనుకుంటారు. ఇసుకకు కొదవలేదు, గాలికీ కొదవలేదు. సముద్రం మాత్రం లేదు.

ఇలాంటి మెట్ట సీమ నుంచి ఇప్పుడు కొత్త జంటలు, పిల్లలు స్థిరపడ్డ తల్లిదండ్రులు, నాలుగు డబ్బులు వెనకేసుకున్న వ్యాపారులు బెంగళూరుకు బస్సెక్కి, అక్కడినుంచి విమానంలో మాల్దీవులకో అండమాన్‌కో పోయి వస్తున్నారు. వచ్చాక సెల్‌ఫోన్‌లో చూపించే బొమ్మలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి: నీలి నీళ్లు, తెల్ల ఇసుక, నీళ్ల మీద కట్టిన గది, ఆ గది ముందు మళ్లీ ఒక చిన్న ఈతకొలను. చూసిన ప్రతిసారీ నాకు అడగాలనిపించే ప్రశ్న ఒకటే. చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే కదా, మరి ఈ కొలనులోకీ స్నానాల గదిలోకీ వచ్చిన మంచినీళ్లు ఎక్కడివి?

ఏకాంత దీవి, ఖరీదైన రిసార్టు అనే ఈ మొత్తం వ్యవహారాన్ని ఆ ప్రశ్న చేతబట్టుకుని చూడటమే ఈ వ్యాసం పని. ఈ సరుకు ఎలా పుట్టింది, ఎవరు కొంటున్నారు, ఎవరు మోస్తున్నారు, మన తీరానికి దీంతో పనేమిటి అన్నవి వరసగా చూద్దాం.

ఏకాంతం సరుకైన తీరు

నీళ్ల మీద గుంజలు పాతి గది కట్టి యాత్రికులకు అద్దెకివ్వడం పాత ఆచారమేమీ కాదు. 1967లో ఫ్రెంచ్ పాలినీషియాలోని రాయాటియా దీవిలో ముగ్గురు అమెరికన్లు మొదలుపెట్టారు. అక్కడ వాళ్ల హోటలుకు మంచి ఇసుక తీరం లేకపోవడంతో గదుల్నే నీళ్ల మీదికి తోశారు. ఒక లోపాన్ని కప్పిపుచ్చడానికి చేసిన ఉపాయం నేడు ప్రపంచమంతా అత్యంత ఖరీదైన గదికి గుర్తయింది.

ఐదేళ్ల తర్వాత, 1972లో మాల్దీవుల్లో మొదటి రిసార్టు తెరుచుకుంది. పేరు కురుంబా. వాళ్ల దివేహి భాషలో ఆ మాటకు కొబ్బరి బొండాం అని అర్థం. 30 గదులు, పగడపు రాళ్ల గోడలు, కొబ్బరాకు కప్పు. ఈనాటి విలాసానికీ దానికీ పోలికే లేదు. కానీ ఆ వ్యాపారంలో బలంగా నిలిచిన సూత్రం అక్కడే వేరూనింది. ఒక దీవికి ఒకే రిసార్టు. జనావాసం లేని దీవిని సర్కారు కౌలుకిస్తుంది. కౌలుదారు అక్కడ కరెంటు, నీరు, మురుగు, చెత్త, పడవ, వైద్యం అన్నీ తానే చూసుకుంటాడు. ఒక్క ముక్కలో చెప్పాలంటే అది ప్రైవేటు గ్రామ పంచాయతీ. సుమారు 1,190 దీవులున్న ఆ దేశంలో జనం ఉండేవి దాదాపు 190. రిసార్టు దీవులు 170 దాటాయి. ఊళ్ల సంఖ్యను రిసార్టుల సంఖ్య దాదాపు అందుకుందన్నమాట.

మన దేశంలో ఈ పద్ధతికి తొలి గుర్తు లక్షద్వీప్‌లోని బంగారం దీవి. 1987 చివర్లో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ కుటుంబం సెలవులు అక్కడ గడపడంతో ఆ పేరు పత్రికలకెక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడ రిసార్టు నడిచింది. లక్షద్వీప్‌లో 36 దీవులుంటే జనం ఉండేది పదింటిలోనే. మద్య నిషేధానికి చాలాకాలం సడలింపు ఉన్నదల్లా బంగారంలోనే. ఊరి నియమం ఊరికి, అతిథి నియమం అతిథికి అనే ఈ విభజన మాల్దీవుల్లోనూ అంతే. ఏకాంతం అంటే జనం లేకపోవడం ఒక్కటే కాదు. ఆ జనం పాటించే కట్టుబాట్లు మనకు వర్తించని చోటు అది. ధరలో సగం దానికే.

అతిథికి దక్కేదేమిటి?

న్యాయంగా చెప్పాలి. దక్కేది తక్కువేమీ కాదు. జీన్స్ ప్యాంట్ల కుట్టుమిషన్ల మోత పొద్దుపోయేదాకా వినిపించే ఊరి నుంచి వెళ్లినవాడికి, హారన్ లేని రెండు రోజులే పెద్ద మందు. మోకాటి లోతు నీళ్లలో చిన్న సొరచేపలు, చారల చేపలు కాళ్ల మధ్య నుంచి పోతుంటే అరవై ఏళ్ల మనిషి కూడా పిల్లవాడవుతాడు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, అంటే మొన్నమొన్నటిదాకా హేవ్‌లాక్, అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్ అంది. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపూ వచ్చింది. పొద్దుగూకే వేళ అక్కడ నిలబడితే ఆ మాటలో అతిశయోక్తి కనపడదు.

అయితే కొనేముందు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. ప్రకటనలో రాసే ధర గదికి. మాల్దీవుల్లోనైతే రాజధాని మాలె విమానాశ్రయం నుంచి దీవికి స్పీడ్‌బోటులోనో సీప్లేన్‌లోనో పోవాలి. దానికి వేరే లెక్క. సీప్లేన్లు పగలే ఎగురుతాయి. రాత్రి విమానంలో దిగితే ఒక రాత్రి మాలె దగ్గరే గడుస్తుంది. మాల్దీవుల్లో 2025 జనవరి నుంచి రిసార్టు అతిథి ఒక్కొక్కరికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను ఉంది. అంతకుముందు అది 6 డాలర్లు. పర్యాటక సేవల మీద జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం. దాని పైన సేవా రుసుము. మన పాస్‌పోర్టుకు వీసా దిగగానే ఉచితంగా ఇస్తారు కాబట్టి ఆ ఒక్క ఖర్చూ లేదు. లక్షద్వీప్‌కు స్వదేశీయులకైనా ముందుగా పర్మిట్ కావాలి. అండమాన్‌లో యాత్రికులు తిరిగే చోట్లకు మనవాళ్లకు అది అక్కర్లేదు.

తిండి సంగతి మనవాళ్లు చివర్లో ఆలోచిస్తారు గానీ ముందు ఆలోచించాల్సింది అదే. దీవిలో రిసార్టు వంటగది తప్ప ఇంకో దిక్కు ఉండదు. పక్క వీధిలో మెస్సు లేదు, అర్ధరాత్రి టీ కొట్టు లేదు. కూరగాయ నుంచి పాలదాకా పడవలోనో విమానంలోనో రావాలి. రెండో రోజుకే ఉగ్గాని బజ్జీ మీదికి మనసు పోయే మనిషికి నాలుగు రాత్రులు ఎక్కువ. మూడు రాత్రులు చాలు అన్నది ఈ విషయంలో నా లెక్క. మూడో రోజు సాయంత్రానికి సముద్రం కొత్తదనం తగ్గి, బిల్లు కొత్తదనం మొదలవుతుంది.

ఇంకొక మాట. ఏకాంతం అంటే ఆసుపత్రికీ దూరమే. నీటి అడుగున సరదాలు చేసే చోట, ప్రవాహాలు తెలియని చోట ఈ దూరం చిన్నది కాదు. 2010లో రాధానగర్ దగ్గర ఉప్పునీటి మొసలి దాడిలో ఒక అమెరికన్ యాత్రికురాలు చనిపోయింది. ఆ దీవుల్లో మడ అడవులున్నాయి, మడ అడవుల్లో మొసళ్లున్నాయి. ప్రకటనలో ఉండే బొమ్మలో అవి ఉండవు.

కూలికి పోయిన దీవులు

తెలుగువాళ్లకు ఉష్ణమండల దీవులు కొత్త కాదు. అతిథిగా పోవడమే కొత్త. 19వ శతాబ్దంలో గోదావరి పాయ కలిసే చోటున్న కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కిన వాళ్లలో మనవాళ్లు చాలామంది. అక్కడ తెలుగువాళ్లకు చాలాకాలం 'కోరింగీలు' అనే పేరుండేది. అంటే మనిషికి రేవు పేరే కులమూ గోత్రమూ అయింది. 1839 నవంబరు తుపానుకు కోరంగి కూలిపోయింది. ఆ రేవు మళ్లీ ఆ వైభవం చూడలేదు. ఊరు మాసిపోయినా దాని పేరు సముద్రం అవతల మనుషుల మీద బతికింది. ఈనాడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

ఫిజీ కథ కూడా అలాంటిదే. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది కూలీలను గిర్మిట్ అనే కూలి ఒప్పందం కింద తీసుకెళ్లారు. వారిలోని తెలుగువాళ్లు 1941లో తమకంటూ ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇవాళ ఫిజీ పేరు వింటే లోకానికి గుర్తొచ్చేది చెరకు కాదు, హనీమూన్ రిసార్టు.

అండమాన్‌లో మన ఉనికి ఇంకా దగ్గరిది. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి పోయిన మత్స్యకారులు, కూలీలు, వారి సంతానం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలు ఏనాటి నుంచో నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీవిజయపురం అని మారింది. రిసార్టు పళ్లెంలోకి వచ్చే చేప వెనక చాలాసార్లు తెలుగు మాట్లాడే చెయ్యి ఉంటుంది. అనంతపురం యాత్రికుడు అక్కడ హిందీలో బేరమాడి, చివరికి ఇద్దరూ తెలుగువాళ్లేనని తెలిసి నవ్వుకోవడం అరుదేమీ కాదు.

ఈ చరిత్రను గిల్టు పుట్టించడానికి చెప్పడం లేదు. మా వైపు కరువొస్తే సుగ్గికి, అంటే కోత కూలికి, పోయినట్టే, మన్యమైనా దీవైనా పొట్టకూటికి పోయినవాళ్లే మన పూర్వీకులు. అలాంటి మనం ఇప్పుడు అక్కడికి అతిథులుగా పోతే, గది సర్దే మనిషి ఎక్కడివాడు, ఇంటికెప్పుడు పోతాడు అన్న ప్రశ్న మనకు సహజంగా రావాలి. మాల్దీవుల రిసార్టుల్లో స్థానికులతో పాటు బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, నేపాల్ వాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. వాళ్ల గదులు దీవికి మధ్యలో, చెట్ల చాటున, అతిథి దారికి పడకుండా ఉంటాయి. అతిథికి ఏకాంతం దొరకాలంటే పనివాడు కంటపడకూడదు. ఒకరి ఏకాంతానికి ఇంకొకరు దాక్కోవాల్సి రావడం ఈ వ్యాపారంలోనే ఉన్న ముడి.

నీళ్ల లెక్క

ఇక అసలు సంగతికి వద్దాం. హగరిలో చెలిమ తవ్విన చేతులకు పగడపు దీవి అర్థం కావడం చాలా తేలిక.

ఎండిన ఏటి ఇసుకలో చేతితో మూరెడో బారెడో గుంత తీస్తే అడుగున నీరు ఊరుతుంది. చిప్పతో తోడి బిందె నింపుకుంటాం. ఊరినంతే తోడాలి. ఓపిక పట్టాలి. పగడపు దీవిలో నీళ్లు కూడా అచ్చం ఇలాంటివే. దీవి అంటే సముద్రంలో తేలిన ఇసుక దిబ్బ. దాని మీద కురిసిన వాన ఇసుకలోకి ఇంకుతుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి కిందికి కలిసిపోకుండా ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలబడితే, దాని కింద దాదాపు నలభై అడుగుల దాకా మంచినీరు ఉండగలదని 19వ శతాబ్దం చివర్లో ఒక డచ్ ఇంజినీరు, ఆ తర్వాత ఒక జర్మన్ ఇంజినీరు విడివిడిగా లెక్కగట్టారు. చిన్న పగడపు దీవుల్లో అంత మందం నిలవదు. రెండు వైపులా పలచబడి, మధ్యలో కొంచెం ఉబ్బిన ఒక పొర మిగులుతుంది. ఆ పొరే దీవి చెలిమ.

ఈ లెక్కను తిరగేసి చూస్తే ప్రమాదం తెలుస్తుంది. పైన ఒక అడుగు తోడితే కింద నలభై అడుగుల మేర ఉప్పునీరు పైకొస్తుంది. బిందెలతో తోడుకున్నంత కాలం దీవి బతికింది. మోటారు పెట్టగానే ఉప్పు లేచింది. మా వైపు బోర్ల కథ దీనికి అన్నదమ్ముడే. బావి ఎండితే బోరు వేశాం. బోరు ఎండితే ఇంకా లోతుకు పోయాం. లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడు నీరు పైకొచ్చి పళ్లు పచ్చబడ్డాయి, ఎముకలు వంగాయి. దీవిలో ఉప్పు, ఇక్కడ ఫ్లోరైడు. చేసిన తప్పు ఒకటే.

వాన ఎక్కువ పడితే ఈ బాధ ఉండదనుకోవడం పొరపాటు. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అండమాన్‌లో పడేది సుమారు 3,000. అయినా వేసవి వస్తే శ్రీవిజయపురంలో కుళాయి రోజూ రాదు. ధనికారి డ్యాం మట్టం పడిపోతే రోజు మార్చి రోజు, ఇంకా ముదిరితే అంతకన్నా ఆలస్యంగా నీళ్లు వదులుతారు. నిలవ చేసుకునే చోటు లేకపోతే ఎంత వానైనా సముద్రం పాలే.

మాలె నగరం ఈ దారిలో చివరిదాకా నడిచింది. కిక్కిరిసిన ఆ చిన్న దీవిలో బావులు కలుషితమై 1978లో కలరా ప్రబలింది. ఆ తర్వాతే సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే యంత్రాల మీద ఆధారపడటం మొదలైంది. 2014 డిసెంబరు 4న ఆ ప్లాంటులో మంటలు లేచి లక్షమందికి పైగా జనానికి కుళాయి ఆగిపోయింది. భారత్ విమానాల్లో, నౌకాదళ ఓడల్లో నీళ్లు పంపింది. ఆ సాయానికి పెట్టిన పేరు ఆపరేషన్ నీర్. నలువైపులా సముద్రం ఉన్న రాజధానికి విమానంలో తాగునీళ్లు! ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన మనకు ఆ బొమ్మ వింతగా కాక, తెలిసినదిగానే అనిపిస్తుంది.

రిసార్టు ఈ చెలిమను నమ్ముకోదు. సొంతంగా నీళ్లు తయారుచేసుకుంటుంది. మన వీధుల్లో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే మినరల్ వాటర్ ప్లాంటు పనిచేసే సూత్రమే అక్కడా. కాకపోతే సముద్రపు ఉప్పును వడకట్టాలంటే అంతకు ఎన్నో రెట్ల ఒత్తిడి కావాలి. వెయ్యి లీటర్ల మంచినీటికి సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటు చాలా దీవుల్లో డీజిల్ జనరేటర్ నుంచే వస్తుంది. డీజిల్ ఓడలో వస్తుంది. లోపలికి తీసుకున్న నీటిలో సగానికి పైగా చిక్కటి ఉప్పునీరుగా మళ్లీ సముద్రంలోకే పోతుంది. సరైన చోట వదలకపోతే దాని దెబ్బ పగడాల మీద పడుతుంది. ఇక అతిథి షవర్ కింద నిలబడ్డాడంటే ఒంటి మీద పడేది కరిగిన డీజిలే అనుకోవచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. గది ముందు నాలుగు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు, 1.2 మీటర్ల లోతున్న కొలను ఉందనుకుందాం. అందులో పట్టేది 38,400 లీటర్లు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. అంటే ఒక్క కొలను నింపే నీళ్లు ఒక పల్లెలో దాదాపు 700 మందికి ఒకరోజు సరిపోతాయి. కొన్నిచోట్ల కొలనులో సముద్రపు నీరే నింపుతారు, మంచినీరైనా రోజూ మార్చరు. ఆ సంగతి నిజమే. కానీ పదడుగుల దూరంలో సముద్రం ఉండగా ఇంకో కొలను దేనికన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు.

మనవాళ్లే చూపించిన ఇంకో దారి ఉంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు పెట్టింది. దాని కిటుకు వంటింట్లో అందరికీ తెలిసినదే. వేడి గిన్నె మీద చల్లటి మూత పెడితే మూతకు నీటిబొట్లు పడతాయి. పైనున్న వెచ్చటి సముద్రపు నీటిని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసి, దాదాపు 350 మీటర్ల లోతు నుంచి పైపుతో తెచ్చిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లారుస్తారు. రసాయనాలు అక్కర్లేదు. తర్వాత మినికాయ్, అగత్తిల్లోనూ ఇలాంటివి పెట్టారు. ఆ నీళ్లు పోయింది ఊరివాళ్ల కుళాయిలకు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే తీర్పుకు ఆధారం ఈ తేడాయే: నీళ్లు ముందు ఎవరి కుళాయికి చేరుతున్నాయి?

ఎవరి తీరం?

రిసార్టులను సమర్థించేవాళ్ల వాదనలో బలం ఉంది. దాన్ని తోసిపుచ్చలేం. మాల్దీవుల జాతీయ ఆదాయంలో సుమారు నాలుగో వంతు పర్యాటకానిదే. చేపలు తప్ప వేరే పంట లేని దేశానికి అది అన్నం. 2010లో ఆ దేశం సొరచేపల వేటను పూర్తిగా నిషేధించగలిగిందంటే, చచ్చిన సొర కన్నా నీళ్లలో ఈదే సొర ఎక్కువ డబ్బు తెస్తుందని అర్థం కావడమే కారణం. రిసార్టు చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్లో వలలు పడవు కాబట్టి అక్కడ చేపలు బతుకుతాయి. డబ్బున్న యాత్రికులు కొద్దిమంది వస్తే, డబ్బులేని యాత్రికులు వేలమంది రావడం కన్నా చెత్త తక్కువ అన్న వాదనా ఉంది.

ఎదుటి పక్షం మాట కూడా గట్టిదే. ఒకే దీవి, ఒకే రిసార్టు పద్ధతిలో డబ్బు దీవిలోనే తిరిగి, చాలావరకు దేశం దాటి పోతుంది. ఊళ్లున్న దీవుల్లో అతిథి గృహాలు పెట్టుకోవడానికి మాల్దీవులు వీలు కల్పించింది 2009లోనే. అంతకుముందు చాలా ఏళ్లు ఊరివాడు యాత్రికుణ్ణి పడవ మీంచి చూశాడు, అంతే. ఇప్పుడు చిన్న కుటుంబాలు నాలుగు గదులు వేసి నడుపుకుంటున్నాయి. మధ్యతరగతి తెలుగు యాత్రికుడికి సరిపోయే ధర అక్కడే దొరుకుతుంది, చేపల కూరా అక్కడే రుచిగా ఉంటుంది. మందు దొరకదు, ఒళ్లు కప్పుకుని తిరగాలి. మా ఊరి పెద్దలకు అది ఇబ్బందేమీ కాదు.

మారిషస్ ఇంకో పద్ధతి పట్టుకుంది. తీరం వెంట భూమి సర్కారుది. హోటళ్లకు కౌలుకిచ్చినా పోటు గీత కిందున్న ఇసుక మీద ఎవరైనా నడవొచ్చు. ఆదివారం పూట పెద్ద హోటలు ముందున్న బీచ్‌లో స్థానిక కుటుంబాలు గిన్నెలు, చాపలు తెచ్చుకుని కూర్చుంటాయి. తీరానికి దారి ఇవ్వకుండా అడ్డుకునే హోటళ్ల మీద గొడవలూ ఉన్నాయి. ఐనా హక్కు కాగితం మీద ఉండటం వేరు, లేకపోవడం వేరు.

మన దేశంలో 1991లో తీర నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. దీవులకు విడిగా 2011లో ఒకటి, 2019లో మరొకటి వచ్చాయి. చివరిదాంట్లో పెద్ద దీవుల్లో పోటు గీత నుంచి 100 మీటర్లు, చిన్నవాటిలో 50 మీటర్ల వరకు కట్టడాలు లేని మేరగా పెట్టారు. పర్యాటక కట్టడాలకు ఆ మేరలోనే కొన్ని వెసులుబాట్లూ వచ్చాయి. ఆ మేర తగ్గిన ప్రతిసారీ రిసార్టు నీళ్లకు దగ్గరవుతుంది. సముద్రం మాత్రం నోటిఫికేషన్ చదువుకుని ఆగదు.

ఇంకో మాట మరువకూడదు. అండమాన్‌లో మనం ఏకాంతం అనుకునేది చాలా చోట్ల వేరొకరి ఇల్లు. ఆదివాసులైన జరావాల అడవి గుండా పోయే ట్రంక్ రోడ్డును అక్కడ మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. బండ్ల వరసలు మాత్రం ఆ తర్వాతా సాగాయి. మనిషిని చూడటానికి మనిషి టికెట్ కొనే పని ఏ విహారంలోనూ ఉండకూడదు.

పగడం, పోటు

ఈ సరుకు మొత్తం ఒక జీవి మీద నిలబడి ఉంది. తెల్ల ఇసుక చాలావరకు పగడాల పొడి. అలలు విరిగి సరస్సులాంటి నీలి నీరు నిలిచేది పగడపు గట్టు వల్ల. సముద్రం వేడెక్కితే పగడం తనలోని నాచును వదిలేసి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చస్తుంది. 1998లో మాల్దీవులు, లక్షద్వీప్‌లలో ఇది ఘోరంగా జరిగింది. 2010లో అండమాన్ వంతు, 2016లో మళ్లీ, 2024లో ప్రపంచమంతా. దీవికి పోయే విమానం పొగ కూడా ఆ వేడిలో ఒక పాలు. అంటే యాత్రికుడు చూడబోయేదాన్ని చూడటానికి పోవడంతోనే కొంచెం కొంచెం కరిగిస్తున్నాడు.

మాల్దీవుల నేల సగటు ఎత్తు సముద్రమట్టానికి మీటరున్నర. 2009 అక్టోబరులో నాటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ తన మంత్రులతో నీళ్ల అడుగున మంత్రివర్గ సమావేశం పెట్టింది ఆ సంగతి లోకానికి చెప్పడానికే. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత చాలా దీవుల్లో బావులు ఉప్పగా మారాయి. ఎత్తు తక్కువున్న చోట చెలిమను ఒక్క అల చెడగొడుతుంది. తిరిగి తియ్యనవ్వాలంటే కొన్ని వానాకాలాలు గడవాలి.

మన తీరం, మన లంకలు

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ పర్యటన, ఆ వెంట ఆయన మీద మాల్దీవుల మంత్రుల వ్యాఖ్యలు, మాల్దీవులను బహిష్కరించాలన్న పిలుపులు వచ్చినప్పుడు మన ఊళ్లలో కూడా ప్రయాణాలు రద్దయ్యాయి. 2023లో మాల్దీవులకు అందరికన్నా ఎక్కువగా పోయింది భారతీయులే, సుమారు 2 లక్షల 9 వేలమంది. 2024లో ఆ సంఖ్య లక్షా 30 వేల దగ్గరికి పడింది. ఆ ఊపులో వచ్చిన మాట, మన దీవులు మనకుండగా అక్కడికెందుకు అని. మాట బాగుంది. కానీ మన దీవులకు నీళ్లు, చెత్త, కరెంటు లెక్క తేలకుండా మాల్దీవుల జనాన్ని అటు మళ్లిస్తే, లక్షద్వీప్ మరో మాలె అవుతుంది.

ఆంధ్ర తీరంలో ఇసుక దీవి అంటే గుర్తొచ్చేది కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్. పోయిన కోరంగి రేవుకు దగ్గరే. దాని వెనక కోరింగ అభయారణ్యం మడ అడవులు, దాని ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు. ఆ దీవి తుపాను అలల్ని తన ఒంటిమీద తీసుకుని కాకినాడ రేవును కాపాడుతుంది. అది చేస్తున్న పనికి ఏ రిసార్టూ అద్దె కట్టలేదు. దాన్ని పగటి పడవ ప్రయాణం వరకే ఉంచడం మేలు.

విజయవాడ దగ్గర కృష్ణలోని భవానీ ద్వీపం, దాదాపు 133 ఎకరాలు, మన రాష్ట్రంలో దీవి మీద బస అనే ముచ్చట తీర్చే చోటు. 2019లోనూ 2024లోనూ కృష్ణ వరద దాన్ని ముంచింది. 2017 నవంబరు 12న అదే నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా యాత్రికులు చనిపోయారు. దీవి అంటే ముందు పడవ, ఆ పడవకు లైఫ్ జాకెట్ అన్న చిన్న పాఠం అంత ఖరీదుకు నేర్చుకున్నాం. నది లంక మీదే ఇంత జాగ్రత్త కావాలంటే సముద్రం మీద ఇంకెంత కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

తేలినదేమిటి?

రెండు వైపుల వాదనలూ తూచి చూస్తే, ఏకాంత దీవి రిసార్టును పూర్తిగా తప్పు అనలేను. మనిషికి విశ్రాంతి కావాలి, దీవివాడికి కూలి కావాలి. కానీ దాన్ని కొలిచే కొలబద్ద మారాలి. నక్షత్రాలు, దిండ్ల మెత్తదనం, అల్పాహారం వరసలు ఎవరైనా కొలుస్తారు. కరువు సీమ మనిషికి తెలిసిన కొలబద్ద ఇంకొకటుంది. ఒక ఊరికి కొత్త అల్లుడు వస్తే ఇంట్లోవాళ్లు ముందు చూసుకునేది తొట్లో నీళ్లున్నాయా అని. అతిథి వచ్చాడని పక్కింటి బిందె ఎత్తుకురారు.

కాబట్టి గది మాట్లాడుకునేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ అడగొచ్చు. మంచినీళ్లు ఎలా తయారవుతున్నాయి, సూర్యరశ్మితోనా డీజిలుతోనా? చిక్కటి ఉప్పునీరు ఎక్కడ వదులుతున్నారు? వాడిన నీళ్లు మళ్లీ తోటకు పోతున్నాయా? పక్కన జనం ఉన్న దీవి ఉంటే వాళ్ల కుళాయి సంగతేమిటి? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే చోట్లు ఉన్నాయి. జవాబివ్వని చోట బీచ్ ఎంత తెల్లగా ఉన్నా పోకపోవడమే మంచిది.

హగరి ఎగువన చిత్రదుర్గం జిల్లాలో 1907 నాటికి వాణీ విలాస సాగరం కట్టారు. దిగువన మన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఎగువ డ్యాం 1933 తర్వాత మళ్లీ పొర్లింది 2022లో, అంటే 89 ఏళ్లకు. ఆ మధ్య కాలంలో చాలావరకు హగరి ఇసుకే. ఆ ఇసుకలో చెలిమ తవ్వుకునే ఆడవాళ్లకు రాయకుండానే ఒక నియమం ఉండేది. మొదటి బిందె ముందొచ్చిన వాళ్లది, రెండో బిందె వెనకొచ్చిన వాళ్లది. ఒకరు నింపుకుంటుంటే ఇంకొకరు ఊట కోసం కాచుకు కూర్చునేవారు. చెలిమ పక్కన బట్టలు ఉతికితే ఊరంతా తిట్టేది.

దీవికి పోయినా ఆ నియమం అక్కడ కూడా పనికొస్తుంది. అక్కడ మనకన్నా ముందు వచ్చినవాడు ఆ దీవివాడే.